ఇచ్చట నాయకత్వం నేర్పబడును

మా తోడల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి కంపెనీ పెడుతున్నాడు. బడులు నడిపేవాళ్లకు, అంటే హెడ్మాస్టర్లకు, ప్రిన్సిపాళ్లకు, కరస్పాండెంట్లకు, మండల విద్యాధికారులకు (ఎంఈవోలకు) నాయకత్వ శిక్షణ ఇస్తాడట. డబ్బు పెట్టేవాళ్లు మార్కెట్ రిపోర్టు అడిగారు. "అన్నయ్యా, మీరే రాయాలి. ఈ రంగంలో మీకు పట్టుంది" అన్నాడు. నాకున్న పట్టల్లా మా మామగారు హైస్కూల్ హెడ్మాస్టరుగా రిటైరవడమే. ఆ లెక్కన అతనికీ అంతే పట్టు ఉండాలి, ఇద్దరికీ మామగారు ఒక్కరే కాబట్టి. కానీ పెట్టుబడి పెట్టేవాళ్లకు బయటి నిపుణుడి మాట కావాలి. ఆ బయటి నిపుణుణ్ణి నేను. రిపోర్టులోని ముఖ్యాంశాలు ప్రజాహితం కోరి ఇక్కడ ఇస్తున్నాను.

ముందు మార్కెట్ ఎంతో చూద్దాం. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో 14.71 లక్షల బడులున్నాయి. బడికొక పెద్ద ఉంటారనుకుని, తలకు 5,000 రూపాయలు వేసుకుంటే ఏటా 735 కోట్లు. అందులో ఒక్క శాతం మనకొచ్చినా చాలు, 7 కోట్ల 35 లక్షలు. ఈ 'ఒక్క శాతం వచ్చినా చాలు' అన్న మాట నమ్ముకుని ఎన్ని కంపెనీలు లేచాయో, ఎన్ని కూర్చున్నాయో మాదాపూర్‌లో టు-లెట్ బోర్డులనడిగితే చెబుతాయి. అయినా ఆ వాక్యం లేనిది రిపోర్టే కాదు కనుక పెట్టాను.

పైగా ఈ సరుకుకు ప్రభుత్వ విధానం అండ ఉంది. 2020 జాతీయ విద్యావిధానం టీచర్లతోపాటు ప్రధానోపాధ్యాయులకూ ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంది. కొనేవాడికి అవసరమా కాదా అన్న చర్చ లేకుండా, ఎన్ని గంటలు కావాలో ముందే ఖాయమైపోయిన సరుకు ఇంకోటి చూపించండి.

ఖాతాదారుల్లో మొదటి వర్గం ఏకోపాధ్యాయ పాఠశాలలు. అవే యూడైస్ లెక్కల్లో దేశం మొత్తం మీద 1,04,125 ఉన్నాయి. 12,912 బడులతో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఇక్కడ హెడ్మాస్టరూ, టీచరూ, గుమాస్తా, అటెండరూ అన్నీ ఒకే మనిషి. నాయకత్వ పాఠాల్లో సగం 'టీమును నడపడం' గురించే కదా, ఈయనకు ఏం చెప్పాలని మా తోడల్లుడి బెంగ. నేను ధైర్యం చెప్పాను. ఇంత ఏకాభిప్రాయమున్న టీము ఎక్కడ దొరుకుతుంది? స్టాఫ్ మీటింగుకు కోరం సమస్య లేదు. గ్రూపులు లేవు, యూనియన్ గొడవ లేదు. చిక్కల్లా ఆయన శిక్షణకు వస్తే బడికి తాళం పడుతుంది. అందుకని పక్క ఊరి బడి నుంచి ఒక టీచర్ని సర్దుబాటు చేస్తారు. అక్కడున్నదే ఇద్దరైతే, ఆ రోజుకు అదీ ఏకోపాధ్యాయ పాఠశాలే. అంటే మనం శిక్షణ ఇచ్చేకొద్దీ మన ఖాతాదారుల సంఖ్య దానంతటదే పెరుగుతుంది. ఇలాంటి వ్యాపారం ఇంకోటి నా ఎరుకలో లేదు.

రెండో వర్గం ఇంకా విలువైనది. పిల్లలు ఒక్కరూ చేరని బడులు దేశంలో 7,993 ఉంటే, అందులో 2,245 తెలంగాణలోనే ఉన్నాయి. వాటి లెక్కలో 1,016 మంది టీచర్లు కూడా ఉన్నారు. పాఠాలు పోతాయన్న ఫిర్యాదు లేదు, తల్లిదండ్రుల గొడవ లేదు, అన్నంలో పురుగు వచ్చిందన్న వార్త రాదు. 50 గంటలేం ఖర్మ, 500 గంటలైనా తీరిగ్గా కూర్చోగలరు. నాయకత్వాన్ని పిల్లల బెడద లేకుండా స్వచ్ఛంగా అభ్యసించే వీలు ఇక్కడే ఉంది. మా తోడల్లుడు వీళ్లను ప్రీమియం కస్టమర్ల జాబితాలో వేశాడు.

ఇప్పుడు అసలు ఏం నేర్పాలన్నది. ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ (నీపా)లో 2012లో పెట్టిన జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం ఈ చదువును ఏడు భాగాలు చేసింది. నాయకత్వ దృక్పథం, తనను తాను తీర్చిదిద్దుకోవడం, బోధనను మార్చడం, జట్టును నడపడం, కొత్త ప్రయోగాలు, భాగస్వామ్యాలు, అన్నిటికన్నా చివర బడి పరిపాలన. వరుస చక్కగా ఉంది. మన హెడ్మాస్టరు మాత్రం ఏడోదాని నుంచి మొదలుపెట్టి సాయంత్రం దాకా ఏడోదాంట్లోనే ఉంటాడు.

పొద్దున బడికి రాగానే ఆయన చేసే మొదటి నాయకత్వ కార్యం సిగ్నల్ వెతకడం. ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి ఆంధ్రలో 2022 ఆగస్టులో, తెలంగాణలో 2025 ఆగస్టులో వచ్చింది. వేపచెట్టు కింద ఒకరికి సిగ్నల్ దొరికితే స్టాఫంతా అక్కడికే చేరతారు, జట్టు కట్టడం అన్న అంశం ఖర్చు లేకుండా పూర్తవుతుంది. తర్వాత పిల్లల హాజరు, భోజనాల లెక్క, గుడ్ల లెక్క. ఆంధ్రలో కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫోటోలు కూడా ఉండేవి. 2024లో ప్రభుత్వం ఆ పని తప్పించింది. దాంతో ఏ కోణంలో తీస్తే టైల్సు తెల్లగా కనపడతాయో కష్టపడి నేర్చుకున్న ఒక తరం నైపుణ్యం ఏ కొరగాకుండా పోయింది.

పన్నెండు దాటాక మండలాఫీసు నుంచి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది. "అతి ముఖ్యం. జతపరచిన ప్రొఫార్మా మధ్యాహ్నం 2 గంటల్లోగా పంపవలెను. లేనిచో సంబంధిత హెచ్‌ఎం బాధ్యత వహించవలెను." అందులో అడిగినవి పోయిన వారం పంపిన వివరాలే. అప్పుడు అడ్డంగా అడిగారు, ఇప్పుడు నిలువుగా అడిగారు. గ్రూపులో అందరూ 'ఓకే సర్' అని పెడతారు. అడ్డాన్ని నిలువు చేయడంలో మన హెడ్మాస్టర్లకున్న అనుభవానికి మనం ఏం నేర్పగలమో నాకు అంతుపట్టలేదు. రిపోర్టులో 'డేటా ఆధారిత నిర్ణయాలు' అని రాసి ముందుకు జరిగాను.

ఆర్థిక నాయకత్వం అని ఇంకో పాఠం పెట్టుకున్నాడు మావాడు. సమగ్ర శిక్ష పథకం కింద 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికిచ్చే గ్రాంటు 10,000 రూపాయలు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు పెట్టాలి, అంటే వెయ్యి. సుద్దముక్కలు, రిజిస్టర్లు, ఫ్యాను రిపేరు, జెండా పండగ మిఠాయి, అన్నీ మిగతా తొమ్మిది వేలలోనే. మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక బడి పిల్లవాడి తలకు బియ్యం కాక 2025 మే నుంచి కేంద్రం ఖాయం చేసిన వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు. పప్పు, కూరగాయలు, నూనె, తాలింపు, గ్యాసు, అన్నీ ఆ లెక్కలోనే. ఇలాంటి మనిషికి మనం వనరుల నిర్వహణ నేర్పుతాం. నేర్పే రోజు టీ, బిస్కెట్లకు మనకయ్యే ఖర్చు తలకు ఇరవై రూపాయలు. ఆ లెక్క ఆయన కంట పడకుండా చూసుకోవాలని రిపోర్టులో హెచ్చరించాను.

జనసమూహాలను అదుపు చేయడం కూడా కోర్సులో ఉంది. తీసేయమన్నాను. 2020 మేలో, లాక్‌డౌన్ మధ్యలో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో టీచర్లకు క్యూల దగ్గర డ్యూటీ వేశారు. అంతకు మించిన ప్రాక్టికల్ మనం ఏ ఏసీ హాల్లో పెట్టగలం? 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడొద్దంటుంది. మద్యం క్యూ విపత్తు సహాయం కిందికే వస్తుందని నా అభిప్రాయం. తెలంగాణలో 2024 నవంబరులో ఇంటింటి కులసర్వేకు సెకండరీ గ్రేడ్ టీచర్లతోపాటు ప్రాథమిక పాఠశాలల హెచ్‌ఎంలనూ పంపి, బడులు ఒంటిపూట నడిపారు. భాగస్వామ్యాల పాఠం అలా పూర్తయింది.

పోటీ సంగతి. నిష్ఠ పేరుతో కేంద్రం 2019 ఆగస్టులో 42 లక్షల మంది టీచర్లు, ప్రధానోపాధ్యాయులు లక్ష్యంగా ఉచిత శిక్షణ మొదలుపెట్టింది. కరోనాతో 2020లో అది దీక్షా వేదిక మీద 18 ఆన్‌లైన్ కోర్సులైంది. ఫోన్లో వీడియో దాని మానాన అది నడుస్తుండగా పక్కన మార్కుల రిజిస్టరు పూర్తిచేసిన కర్మయోగులు ఎందరో. వీడియో చూసినవాళ్లకూ, వీడియో పెట్టి వదిలేసినవాళ్లకూ సర్టిఫికెట్ ఒకటే. ఉచితంగా ఇచ్చినా చూడనిదాన్ని డబ్బిచ్చి ఎవరు కొంటారని మావాడికి టెన్షన్.

ఇక్కడే అతని ఐటీ బుర్ర పొరబడుతోంది. చూసేవాడు వేరు, కొనేవాడు వేరు. హెడ్మాస్టరు జేబులోంచి ఒక్క రూపాయి రాదు, రావాలనుకోవడం పాపం. మన కస్టమరు పైఆఫీసులో ఉంటాడు. అతని దగ్గర 'సామర్థ్యాల పెంపు' అన్న పద్దు ఉంటుంది. అది మార్చి 31 లోపు ఖర్చు కాకపోతే మురిగిపోతుంది. అందుకే మన బడుల్లో నాయకత్వ లోపం జూన్ నుంచి జనవరి దాకా ఎవరికీ కనపడదు, ఫిబ్రవరి మూడో వారంలో ఒక్కసారిగా ముంచుకొస్తుంది. అప్పటికి పదో తరగతి పరీక్షల హడావిడి. అయినా మొదటి స్పెల్, రెండో స్పెల్ అని బ్యాచులు పడతాయి. జిల్లా కేంద్రంలో హాలు, బ్యాగు, ప్యాడు, పెన్ను. మగత పోవాలని బెలూన్ ఊది పక్కవాళ్లకు అందించే ఆట. రిటైర్‌మెంటుకు రెండేళ్లున్న పెద్దమనిషి నోట్లో బెలూనుతో నిలబడి, ఊళ్లో వంటమనిషి ఇవాళ వచ్చిందో లేదోనని ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. తర్వాత చార్టులు, స్కెచ్ పెన్నులు, 'నా కలల పాఠశాల'. ఆ చార్టులన్నిట్లోనూ కాంపౌండ్ వాల్ ఉంటుంది. మధ్యాహ్నం పెరుగన్నం తర్వాత దార్శనికత మీద గంటన్నర. సాయంత్రం గ్రూప్ ఫోటో, ఫీడ్‌బ్యాక్ ఫారం. అందులో ఎవరూ 'బాగాలేదు' అని రాయరు. టీఏ, డీఏ ఇంకా చేతికి రాలేదు.

ప్రైవేటు వైపు అవకాశాలు తక్కువేం కాదు. చిన్న ఊరి ఇంగ్లీషు మీడియం బడిలో కరస్పాండెంటుగారు, ప్రిన్సిపాలుగా వారి శ్రీమతి, బస్సులు చూసుకునే బావమరిది ఉంటారు. వీళ్లకు నాయకత్వం రక్తంలోనే ఉంటుంది, నేర్పనక్కర్లేదు. కార్పొరేట్ బడి ప్రిన్సిపాలుకు పైన డీను, ఏజీఎం, జోనల్ ఇన్‌ఛార్జి ఇంతమంది నాయకులుంటే ఇంకో నాయకుడికి చోటు లేదు. రాత్రి ఎనిమిదింటికి కాన్ఫరెన్స్ కాల్. స్ట్రెంత్ ఎంత, డ్యూస్ ఎంత, పక్క బ్రాంచికి ఎంతమంది పోయారు? ఏప్రిల్, మే నెలల్లో ఎండలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి. అయినా ఈ వర్గానికి మన కోర్సు తప్పక అమ్ముడవుతుంది, పేర్లు కాస్త మారిస్తే చాలు. ఫీజు బకాయికి హాల్ టికెట్ ఆపడాన్ని 'తల్లిదండ్రులతో అర్థవంతమైన సంభాషణ' అందాం. రెండు నెలల జీతం ఆపి టీచర్లను నిలుపుకోవడాన్ని 'మానవ వనరుల పట్ల దీర్ఘకాలిక దృష్టి' అందాం.

ఎంఈవోల వర్గాన్ని ఇప్పటికి పక్కన పెట్టాను. చాలాచోట్ల ఇన్‌ఛార్జులే ఉన్నారు. శిక్షణకు ఏ మండలం తరఫున హాజరయ్యారో రాయడానికి మన రిజిస్టర్లో గడి చాలదు.

క్షేత్ర పరిశోధన కింద మామగారినీ కలిశాం. మా తోడల్లుడు ట్యాబ్ తెరిచి, "మామయ్యగారూ, మీ సర్వీసులో ఏ లీడర్‌షిప్ స్కిల్ లోటుగా అనిపించింది?" అని అడిగాడు.

"అటెండరు బాబూ."

"అది కాదండీ, మీలో..."

"నాలో ఉన్నాడుగా. గంట నేనే కొట్టేవాణ్ణి. ఒక గుమాస్తా ఉంటే ఇంకా బాగుండేది. ఆ తొమ్మిదో తరగతి లెక్కలు ఎప్పుడూ సగం సిలబస్సే చెప్పగలిగాను."

మావాడు ట్యాబ్‌లో 'టైమ్ మేనేజ్‌మెంట్' అని రాసుకున్నాడు. అటెండర్లను సరఫరా చేసే వ్యాపారం గురించి నేను సూచించాను గానీ, అది స్కేల్ కాదట. నెలనెలా జీతాలివ్వాలి కదా మరి.

పెట్టుబడి మీద నా తుది అభిప్రాయం అనుకూలమే, చిన్న మార్పుతో. మార్కెట్ పల్స్ చూద్దామని మావాడు ఫేస్‌బుక్‌లో రెండు ప్రకటనలు వేశాడు. శిక్షణ పొందగోరు హెడ్మాస్టర్ల కోసం వేసినదానికి ఒకే ఒక్క స్పందన వచ్చింది, అదీ సర్టిఫికెట్ ఒక్కటే ఇస్తారా అని. శిక్షణ ఇవ్వగోరు నిపుణుల కోసం వేసినదానికి మాత్రం జనం విరగబడ్డారు. రిటైరైనవాళ్లు, యోగా గురువులు, వ్యక్తిత్వ వికాస వక్తలు, ఇద్దరు ఎల్‌ఐసీ ఏజెంట్లు. నేర్చుకునేవాళ్ల కన్నా నేర్పేవాళ్లలోనే గిరాకీ బలంగా ఉందని స్పష్టమైంది. రాష్ట్ర స్థాయి రిసోర్స్ పర్సన్ జిల్లావాళ్లకు, జిల్లావాళ్లు మండలంవాళ్లకు చెప్పే పద్ధతి మనకు ఎలాగూ ఉన్నదే. కాబట్టి మొదటి దశలో ట్రైనర్లకు ట్రైనింగ్, మనిషికి 25,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ అదనం, డబ్బు ముందే కట్టాలి. రెండో దశలో ఆ ట్రైనర్లను తయారుచేసే మాస్టర్ ట్రైనర్లకు 40,000. హెడ్మాస్టర్ల సంగతి మూడో దశలో పరిశీలిస్తాం.