ఎల్సీ నంబరు రానిదే స్తంభం ఎక్కని మనిషి మా బాపు

మా నాన్న సంతాప సభలో (ఆయన్ను మేం బాపు అంటాం) మాట్లాడినవాళ్లంతా మంచి మనసుతోనే మాట్లాడారు. అందరూ ఆయనతో కలిసి పనిచేసినవాళ్లే, ఆయన మీద ప్రేమతో వచ్చినవాళ్లే. కానీ మైకు పట్టుకున్న ప్రతి ఒక్కరూ దాదాపు ఒకే మాట అన్నారు: "ఇల్లు, పెళ్లాం, పిల్లలు అని చూడలే. డ్యూటీయే ప్రాణంగా బతికిండు." పక్కన కూర్చున్న అమ్మ తల వంచుకుని విన్నది. పొగడ్తే కదా, పోనీలే అనుకుందామని చూశాను. నావల్ల కావడం లేదు. ఆ మాట నిజం కాదు. పైగా ఒక లైన్‌మన్ గురించి అలా అనడం చాలా ప్రమాదం.

బాపు సర్వీసు చాలావరకు నర్సంపేట వైపు పల్లెల్లోనే గడిచింది. పాత విద్యుత్ బోర్డు ఉన్న కాలంలో హెల్పర్‌గా చేరి, లైన్‌మనై, చివరికి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాడు. 1999లో బోర్డు విడిపోయింది, తర్వాత వరంగల్ కేంద్రంగా మన ఉత్తర జిల్లాల డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, వచ్చింది, రాష్ట్రం కూడా మారింది. ఊళ్లవాళ్లకు మాత్రం ఆయన మొదటి నుంచీ "కరెంటు సారే".

ఈ పని తెలియనివాళ్ల కోసం ఒక విషయం చెప్పాలి. 11 కేవీ లైన్ మీద చెయ్యి పెట్టాలంటే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర లైన్ క్లియర్ తీసుకోవాలి. అందరూ ఎల్సీ అంటారు. ఆపరేటర్ ఆ ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే ఆ లైన్, ఆపి, లాగ్‌బుక్‌లో రాసి, ఒక నంబరు ఇస్తాడు. ఆ నంబరు వచ్చినా వెంటనే ఎక్కకూడదు. సప్లై లేదని టెస్ట్ చేసి, పనిచేసే చోటికి అటూ ఇటూ కరెంటును నేలలోకి దించే ఎర్త్ రాడ్లు తగిలించాకే ఎక్కాలి. ఎందుకంటే ఎక్కడో ఒక జనరేటర్ నుంచో, పక్క ఫీడర్ నుంచో ఆపిన లైన్‌లోకి కరెంటు తిరిగి రావచ్చు. పని అయ్యాక మనుషులంతా దిగారో లేదో చూసి, రాడ్లు తీసి, ఎల్సీ ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి. ఇవన్నీ చేస్తే టైం పడుతుంది. ఆ టైం ఎవరికీ నచ్చదు. రైతుకు నచ్చదు, సర్పంచ్‌కు నచ్చదు, పై అధికారికి అసలే నచ్చదు.

ఒకసారి సాయంత్రం ఎవరో పెద్దమనిషి మీటింగ్ ఉందనగా స్తంభం మీద వైర్లను కలిపే జంపర్ తెగింది. సబ్‌స్టేషన్ ఫోన్ కలవడం లేదు. ఒక అధికారి వచ్చి, "సప్లై లేదని నేను చెప్తున్నా కదా, ఎక్కు" అన్నాడు. బాపు ఎక్కలేదు. "ఎల్సీ నంబరు చెప్పుండ్రి సార్, రాసుకొని ఎక్కుత" అన్నాడు. నన్నే నమ్మవా అని ఆయన గద్దించాడు. "మిమ్ముల నమ్ముత సార్, వైరును నమ్మ." మీటింగ్ ఆలస్యమైంది, బాపుకు మెమో వచ్చింది. ఆ మెమో ఇంటికి తెచ్చి అమ్మకు చదివి వినిపించాడు. అమ్మ విని, "మంచిపని చేసినవ్" అన్నది. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. మెమో అంటే ఏదో బహుమతి అనుకున్నాను.

ఆయన అంత పట్టుగా ఉండడానికి కారణం ఉంది. హెల్పర్‌గా ఉన్న రోజుల్లో ఆయన కళ్ల ముందే ఒక తోటి ఉద్యోగి స్తంభం మీద పోయాడు. దిగారో లేదో చూడకుండా ఎవరో సప్లై ఇచ్చారు. ఆ మనిషి భార్యకు కారుణ్య నియామకం కోసం బాపు తన సెలవులన్నీ పెట్టి తిరిగాడు. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మళ్లీ ఒక అఫిడవిట్, మళ్లీ ఒక సంతకం. కూడా అమ్మ వెళ్లేది. మగవాడు ఒక్కడు వెంట తిరిగితే ఊళ్లో ఆ చిన్నమ్మను ఏమన్నా అంటారని. మాకు ఆమె చిన్నమ్మే, ఇప్పటికీ. ఆమె పిల్లల పెళ్లిళ్లు మా ఇంటి పెళ్లిళ్లలాగే జరిగాయి. ఇక చెప్పండి, ఇందులో ఇల్లు ఎంత, డ్యూటీ ఎంత?

బీరువా కింద అరలో ఆయన జేబు డైరీలు ఉన్నాయి. మొన్న తీసి చూశాను. ఒక పేజీలో పైన ఎల్సీ నంబరు, తీసుకున్న టైం, తిరిగి ఇచ్చిన టైం, ఎక్కిన మనుషుల పేర్లు, ఒక్కో పేరు పక్కన "దిగిండు" అని. అదే పేజీలో కింద "పాప ఫీజు", "అత్తమ్మ కండ్ల డాక్టరు". ఇల్లు చూడని మనిషి రాసుకునే డైరీ కాదది.

రైతుల కోసం ఆయన పడ్డ కష్టం గురించి సభలో చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. 2004లో ఉచిత కరెంటు వచ్చింది కానీ రాత్రి వంతు పోలేదు. అర్ధరాత్రి త్రీఫేజ్ ఇస్తే రైతులు టార్చి పట్టుకుని బాయిల కాడికి పోయేవాళ్లు. ఆటోమేటిక్ స్టార్టర్లు పెట్టుకున్నచోట సప్లై రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేచి ట్రాన్స్‌ఫార్మర్ మీద పడేవి. ఫ్యూజు పోతే కొందరు ఓపిక పట్టలేక తామే ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కేవాళ్లు. ఎన్ని ఊళ్లలో ఎంతమంది అలా పోయారో వరంగల్, కరీంనగర్ పల్లెల వాళ్లకు చెప్పనక్కర లేదు. అందుకే ఏ రాత్రి ఫోన్ వచ్చినా బాపు ముందు చెప్పే మాట ఒకటే: "నేనొస్తున్న, నువ్వు ముట్టకు." వెళ్లేవాడు కూడా. వెళ్లే ముందు ఏ ఊరు, ఏ ఫీడర్ అని అమ్మకు చెప్పేవాడు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలైంది. ఆ వార్త విన్నప్పుడు, ఇక రైతు పగలే నీళ్లు పెట్టుకుని రాత్రి ఇంట్లో పడుకుంటాడని ఆయన ఎంత సంతోషపడ్డాడో.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడి, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి నీట మునిగినప్పటికి ఆయన రిటైరై ఉన్నాడు. టీవీ చూస్తూనే తన దగ్గర పనిచేసిన పిల్లలకు ఫోన్లు చేశాడు. నీళ్లు తీశాయని తొందరపడి లైన్‌కు కరెంటు ఇవ్వకండి, తడిసిన మీటర్లు, మునిగిన మోటార్లు చూడండి, ఇంటికి ఫోన్ చేసి చెప్పండి అని. చివరి మాట మర్చిపోయేవాడు కాదు.

బతుకమ్మ వచ్చిందంటే పొద్దున్నే గునుగు, తంగేడు కోసుకొచ్చేది ఆయనే. గునుగుకు రంగులద్దేదీ ఆయనే, వేళ్లకు ఆ రంగు పండుగ అయ్యేదాకా ఉండేది. సద్దుల నాడు మాత్రం సాయంత్రం డ్యూటీ అడిగి వేసుకునేవాడు, ఆడవాళ్లు చెరువు కట్టకు చేరేసరికి వీధి దీపాలు వెలగాలని. మేము అలిగేవాళ్లం కాదు. ఆ దీపాల కింద ఆడేది మేమే కదా.

నా కోపం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. "ఇల్లు మరిచి పనిచేశాడు" అని స్టేజీ మీద పొగుడుతుంటే, కింద కూర్చున్న జూనియర్ లైన్‌మన్‌లు, ఆర్టిజన్‌లు, పర్మినెంట్ కాని హెల్పర్లు వింటున్నారు. మంచి ఉద్యోగి అంటే ప్రాణానికి తెగించేవాడని వాళ్లకు నేర్పుతున్నాం. రేపు ఎవరో గద్దిస్తే నంబరు లేకుండా ఎక్కేది వాళ్లే. మా బాపు ప్రాణానికి తెగించలేదు. సాయంత్రానికి ఇంటికి రావాలని ప్రతిరోజూ లెక్కపెట్టుకుని పనిచేశాడు. తనతో ఎక్కినవాళ్లూ ఇంటికి పోవాలనుకున్నాడు. ఆయన్ను గొప్పవాడనాలంటే అందుకు అనండి.

2022లో సిద్దిపేట జిల్లా అమ్మాయి శిరీష కోర్టు దాకా పోయి, స్తంభం ఎక్కి చూపించి, రాష్ట్రంలో మొదటి లైన్‌ఉమన్ అయినప్పుడు బాపు పేపర్ పట్టుకుని వచ్చి మాకు చూపించాడు. ఎక్కుడు వచ్చింది సరే, ఎల్సీ తీసుకునుడు ఎవరన్నా మంచిగ నేర్పాలె ఆ బిడ్డకు అన్నాడు.

నిన్న ఆయన దగ్గర పని నేర్చుకున్న అబ్బాయి ఒకడు ఇంటికొచ్చి, "అమ్మా, సారు స్తంభమెక్కే నడుము బెల్టు ఇస్తే నేను వాడుకుంట, గుర్తుగ ఉంటది" అని అడిగాడు. అమ్మ ఇవ్వలేదు. "అది పాతగయింది బిడ్డా, కుట్లు పోయినయి. ఆఫీసుల కొత్తది అడుగు. ఇయ్యమంటే చెప్పు, నేనే అచ్చి అడుగుత" అన్నది.