దుబాయ్ మాల్ అయితే ఏంటి, తెచ్చిందెవరు?

హన్మకొండలో పార్లర్ నడుపుతున్నాను. సరుకు వేసేవాళ్లు హెయిర్ కలర్, జుట్టు సాఫీ చేసే కెరాటిన్ క్రీమ్ డబ్బాలు తెచ్చి ముందు చెప్పే మాట, "దుబాయ్ మాల్ అక్కా, ఒరిజినల్." డబ్బా తిప్పి చూస్తే దాన్ని మన దేశంలోకి తెచ్చిందెవరో ఉండదు. బిల్లు అడిగితే, "ఈ రేటుకు బిల్లు ఇస్తే నాకేం మిగుల్తది?" అంటారు.

జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్ నుంచి వచ్చే అన్నలు ఇంట్లోవాళ్ల కోసం షాంపూలు, నూనెలు తెస్తారు. దాంతో నాకు ఏ పేచీ లేదు. అమ్మకానికి తెచ్చేది వేరు. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం దానికి కేంద్ర డ్రగ్స్ కంట్రోల్ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ నంబరు, దిగుమతి చేసినవాళ్ల పేరు, అడ్రస్ లేబుల్ మీద ఉండాలి. కాస్మెటిక్స్ అమ్మే ఫ్యాన్సీ షాపుకు మెడికల్ షాపులా డ్రగ్ లైసెన్స్ అక్కర్లేదు. కాబట్టి రేపు కస్టమర్ తల మీద బొబ్బలొస్తే నిలదీయడానికి ఆ అడ్రసే దిక్కు.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది హెయిర్ డై. నల్లరంగు డైలలో పీపీడీ అనే రసాయనం ఎక్కువగా వాడతారు. కొందరికి అది అస్సలు పడదు, ముఖం వాచిపోతుంది. అందుకే ఆ డబ్బా మీద హెచ్చరిక ఇంగ్లిష్‌తో పాటు స్థానిక భాషలో కూడా ఉండాలని రూల్. చెవి వెనక కొంచెం రాసి 24 గంటలు చూడాలి, వేసుకునే ప్రతిసారీ చూడాలి, కనుబొమ్మలకు అస్సలు వేయొద్దు, చూపు పోవచ్చు. ఇదంతా మా అమ్మ వయసు వాళ్లు చదువుకోగలిగేలా తెలుగులో ఉండాలి కదా! నాకు వచ్చే బయటి దేశాల డబ్బాల మీద తెలుగు అక్షరం ఒక్కటీ కనిపించదు. పెళ్లిళ్ల సీజన్‌లో చేతులకు పెట్టే నల్ల మెహందీలోనూ ఈ పీపీడీ కలుపుతారు, చిన్నపిల్లలకూ పెట్టేస్తారు.

తనిఖీలు పెంచమంటే చాలామంది పార్లర్ల మీద పడమంటారు. గ్రూపు లోన్ తీసుకుని ఇంట్లో ఒక గదిలో పార్లర్ పెట్టుకున్న ఆడపిల్లను పట్టుకుంటే ఏమొస్తుంది? సరుకు ఎవరి దగ్గర కొన్నారో డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ అడిగితే అమ్మేవాళ్లు చెప్పి తీరాలని 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలోనే ఉంది. ఆ తీగ పట్టుకుని దిగుమతిదారు గోదాము దాకా వెళ్లండి.

ఇంకొకటి. ఫీజు కడితే మామూలు మనిషి కూడా కొన్న కాస్మెటిక్‌ను ప్రభుత్వ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవచ్చని అదే చట్టం చెబుతోంది. ఆ ఫీజు ఎంతో, శాంపిల్ ఎక్కడ ఇవ్వాలో ప్రతి జిల్లా డ్రగ్స్ ఆఫీసు ముందు తెలుగులో బోర్డు పెట్టాలి.