ప్యాకెట్ మీద రాని లెక్క

టమాటా హైబ్రిడ్ విత్తనం ధర గ్రాముల్లో చెబుతారు. అంత ఖరీదు ఊరికే కాదు, ఒక్కో పువ్వునూ మనిషి చేత్తో విప్పాలి. టమాటా పువ్వు తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. అందుకే తల్లి రకం నాటిన ఆడ వరసలో రేపు విచ్చుకోబోయే మొగ్గను, రెక్కలు లేత పసుపుకు తిరుగుతుండగా, ఇవాళ సాయంత్రమే పట్టుకుని పుప్పొడి ఉండే కేసరాల గొట్టాన్ని సన్నని పటకారుతో లాగేయాలి. మధ్యలో పుప్పొడి అందుకునే కీలానికి దెబ్బ తగిలితే పిందె రాలుతుంది. మర్నాడు పొద్దున మగ వరస పుప్పొడి అద్ది, గుర్తుగా రెండు రక్షకపత్రాలు కత్తిరిస్తారు. కోతలో ఆ గుర్తున్న కాయలనే ఏరాలి.

ఒక పూట ఆలస్యమైతే మొగ్గలోనే పుప్పొడి రాలిపోతుంది. కేసరం ముక్క మిగిలినా అంతే. క్రాసింగ్ చేయని పూలను గిల్లేయకపోతే అవీ కాయలై బుట్టలో కలుస్తాయి. ఆ గింజ హైబ్రిడ్ కాదు, అచ్చం తల్లి రకం. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క రక్షక్ అనే టమాటా హైబ్రిడ్‌లో ఆకు ముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకునే గుణాలను ఒక్కచోట కూర్చింది. తల్లి గింజ కలిసిన సంచిలో అలాంటి కూర్పు ఏదైనా ఆ మేరకు పోయినట్టే.

నాలుగడుగుల సాళ్లు, అడుగున్నర ఎడం అంటే ఎకరాకు 7,260 మొక్కలు. అయిదు శాతం కల్తీ అంటే 363. నారులో తేడా కనబడదు, కాపుకొచ్చాకే బయటపడుతుంది. అప్పటికి కట్టెలు, పురికొస, మందులు, కూలీ అన్నీ పెట్టేసి ఉంటారు.

అయితే ఈ లెక్క విత్తన కంపెనీకి తెలియనిది కాదు. లాట్ నుంచి, అంటే ఒకే నంబరు కింద ఉంచిన విత్తనపు రాశి నుంచి, కొన్ని గింజలు నాటి చూసే గ్రోఅవుట్ పరీక్ష ఉంది. లేత ఆకుతో కొద్ది రోజుల్లో తేల్చే డీఎన్ఏ పరీక్షా ఉంది. చాలాచోట్ల ఆ ఫలితం వచ్చేదాకా విత్తనం పండించిన రైతుకు డబ్బు చేతికి రాదు, పరీక్ష తప్పితే ఆ డబ్బులో కోత పడుతుంది. పండించినవాడికి కోత వేయడానికి పనికొచ్చే అంకె కొన్నవాడికి ఎందుకు చూపరు? స్వచ్ఛత గురించి ప్యాకెట్ మీద ఉండేది కనీస హామీ మాత్రమే. ఆ లాట్‌ను ఎక్కడ పరీక్షించారో, స్వచ్ఛత ఎంత వచ్చిందో కూడా అచ్చువేయాలి. 1966 విత్తన చట్టం కింద ధ్రువీకరణ ఐచ్ఛికం కనుక ఇది మార్కెట్ తనంతట తాను చేయదు, ప్రభుత్వమే నిబంధన పెట్టాలి.

ఇంకో చిక్కుంది. చాలామంది ఇప్పుడు నర్సరీ నుంచి ట్రేలలో నారు కొంటున్నారు, ప్యాకెట్ వాళ్ల కంట పడదు. నమోదైన రకం చెప్పిన ఫలితం ఇవ్వకపోతే పరిహారం కోరే హక్కును 2001 మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం రైతుకు ఇచ్చింది. కానీ కొన్నది ఏ లాటో చూపలేనివాడు ఏమని అడుగుతాడు? నర్సరీ బిల్లు మీద రకం పేరు, లాట్ నంబరు, విత్తిన తేదీ తప్పనిసరి చేయాలి. విత్తనమే కొనేవారు ఖాళీ ప్యాకెట్‌ను, బిల్లును, చిటికెడు గింజలను చివరి కోత దాకా దాచుకోవాలి.