చెరువులో క్రీడా ప్రాంగణం

మా మండలంలో ఒక ఊరికి సర్కారు ఇచ్చిన ఆటస్థలం వానాకాలమంతా నీళ్ళలోనే ఉంటుంది. దీన్ని తప్పుగా అర్థం చేసుకోకండి. ఎండాకాలం కబడ్డీ, వానాకాలం ఈత. ఇంత ముందుచూపున్న పరిపాలన మీరెక్కడైనా చూశారా?

2022 జూన్‌లో రాష్ట్ర అవతరణ దినోత్సవం నాడు ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణం అన్నారు. ఎకరం అటూ ఇటూగా జాగా, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో కోర్టులు, లాంగ్‌జంప్ గుంత, సింగిల్ బార్, డబుల్ బార్, అన్నిటికీ ముందు ఇంతెత్తు బోర్డు. పనికి ఉపాధి హామీ డబ్బులు. ఆలోచన మంచిదే, కాదనం. చిక్కల్లా జాగా దగ్గరే వచ్చింది. ఊరి నడుమ సర్కారు జాగా ఎవరి కబ్జాలో ఉందో చంటిపిల్లలకు కూడా తెలుసు, రెవెన్యూ వాళ్ళకు తప్ప. అందుకని ఎవరూ అడగని జాగాలు వెతికారు. ఒకచోట శ్మశానం పక్కన, ఒకచోట గుట్ట మీద, మా దగ్గర చెరువు శిఖంలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో.

శ్రావణంలో చెరువు నిండింది. తనిఖీకి సారు వచ్చి కట్ట మీద నిలబడ్డారు.

“గ్రౌండ్ ఏదయ్యా?”

“అదే సార్, ఆ కొంగ కూర్చుంది చూడండి, అది సింగిల్ బార్.”

“డబుల్ బారో?”

“దాని మీద రెండు కొంగలున్నాయి సార్.”

“బోర్డు కనిపిస్తోందా?”

“పై సగం కనిపిస్తోంది సార్.”

“ఆ సగం వచ్చేట్టు ఫొటో తీయి. లొకేషన్ ఆన్‌లో పెట్టు.”

పంచాయతీ కార్యదర్శి ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, నీళ్ళలో దిగి ఫొటో తీశాడు. సరిగ్గా అప్పుడే మత్స్యశాఖ వాళ్ళు ఉచిత చేపపిల్లలతో దిగారు. వాలీబాల్ కోర్టు వైపు ఒడ్డు వాలుగా ఉందని అక్కడే వదిలారు. ఒకే జాగాలో రెండు శాఖల టార్గెట్ పూర్తి! కోర్టులో ఇప్పుడు ఆటగాళ్ళకు కొదవ లేదు. ఇటు రవ్వల జట్టు, అటు బొచ్చెల జట్టు. రెఫరీ కొరమట్ట, నచ్చని ఆటగాణ్ణి అక్కడికక్కడే మింగేస్తుంది. మన క్రీడా సంఘాల పద్ధతి దానికెవరు నేర్పారో!

కొంగలకు జీతాలు లేవు. సర్పంచులకు బిల్లులూ లేవు. పనులు ముందు చేయించండి, పైసలు తర్వాత వస్తాయన్నారు. మిత్తికి తెచ్చి పెట్టినవాళ్ళున్నారు, ఆడవాళ్ళ మెడలోది కుదువబెట్టినవాళ్ళున్నారు. 2024 ఫిబ్రవరిలో పదవులు పోయాయి, చాలామందికి పైసలు మాత్రం రాలేదు. అడుగుదామని హైదరాబాద్ బయలుదేరితే పోలీసులు ముందే పట్టుకుపోయారు. ఖర్చు పెట్టించింది ఒక పార్టీ, పట్టుకుపోయింది ఇంకో పార్టీ. అసెంబ్లీలో ఒకరి మొహం ఒకరు చూసుకోరు గానీ, ఈ పనిలో ఎంత సఖ్యత! ఆపైన పంచాయతీ ఎన్నికలు సమయానికి పెట్టలేదని కేంద్రం ఊళ్ళకు రావాల్సిన ఆర్థిక సంఘం నిధులు ఆపేసింది. ఇక గడ్డి కోయించేదెవరు? నీళ్ళు తగ్గాక ఆ గ్రౌండ్‌లో తుమ్మ మొలిచింది, పాములు చేరాయి.

అయినా ఊళ్ళో పిల్లలకు ఆటలెందుకు, ఏం పని లేకనా అనే పెద్దమనుషులున్నారు. పని కోసమేనయ్యా! కానిస్టేబుల్ ఉద్యోగానికి మగపిల్లలు 1600 మీటర్లు, ఆడపిల్లలు 800 మీటర్లు ఉరకాలి, లాంగ్‌జంప్ దూకాలి. మా పిల్లలు ఎక్కడ ఉరుకుతున్నారు? తెల్లవారుజామున నాలుగింటికి, లైట్లు లేని రోడ్డు మీద, ఇసుక లారీల పక్కన. ఆడపిల్లలను ఆ చీకట్లో పంపలేక ఎంతమంది తల్లులు ఫారమే నింపనీయలేదో ఏ సారు లెక్క రాసుకున్నాడు? అప్పోసప్పో చేయగలిగినవాళ్ళు జిల్లా కేంద్రంలో రూమ్ అద్దెకు తీసుకుని, కోచింగ్‌కు ఫీజు కట్టి ఇసుకలో దూకడం నేర్చుకుంటున్నారు. ఆ ఇసుక గుంత ఊళ్ళో ఉన్నట్టు, పూర్తయినట్టు, ఫొటోతో సహా ఆఫీసు ఫైల్లో భద్రంగా ఉంది.