ర్యాంకుకు అందని కంధమాల్

డిగ్రీ ఫలితాలు వచ్చాయంటే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం తెలుగు ఇళ్లలో ఈమధ్య ఒక కొత్త ప్రశ్న వినిపిస్తోంది: సైకాలజీ పీజీకి ఏ యూనివర్సిటీ మంచిది? ఇంజినీరింగ్, మెడిసిన్ తప్ప మిగతావి చదువులే కావనుకున్న చోట ఈ మాట రావడమే సంతోషం. జవాబు కోసం పిల్లలు ఫోన్లో ర్యాంకుల జాబితాలు తెరుస్తున్నారు. విదేశీ జాబితాల్లో హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ కనిపిస్తాయి. కేంద్రం 2016 నుంచి దేశంలోని విద్యాసంస్థలకు ప్రకటిస్తున్న ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లో సైకాలజీకి విడిగా జాబితా లేదు. దాంతో యూనివర్సిటీ మొత్తానికి వచ్చిన ర్యాంకునే సైకాలజీ విభాగానికీ అంటగట్టేస్తున్నారు. విడి జాబితా కావాలి. అయితే అందులో పరిశోధన ప్రభావాన్ని దేంతో కొలుస్తారన్నది ముందే తేలాలి.

ఇప్పుడున్న జాబితాలు ఎక్కువగా లెక్కపెట్టేది సైటేషన్లను, అంటే ఒక పరిశోధన పేపర్‌ను తర్వాతి పేపర్లు ఎన్నిసార్లు ప్రస్తావించాయో ఆ సంఖ్యను. 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ కూడా ఈ లెక్కే. కనీసం ఇరవైసార్లు చొప్పున ప్రస్తావనకు వచ్చిన పేపర్లు ఇరవై ఉంటే సూచిక 20. ఇది పనికిమాలిన లెక్క అని మేము అనం. ప్రమోషన్ కోసం డబ్బు కట్టి వేయించుకున్న పేపర్ల బండారం కొంతైనా బయటపడేది దీనివల్లే.

కానీ సైకాలజీ మనుషుల గురించిన శాస్త్రం. ఏ మనుషుల గురించి అన్నది సైటేషన్ చెప్పదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఆరు జర్నళ్లను (పరిశోధన పత్రికలను) సైకాలజిస్టు జెఫ్రీ ఆర్నెట్ పరిశీలించి 2008లో ఒక లెక్క చెప్పారు. పరిశోధనల్లో పాల్గొన్నవారిలో 68 శాతం అమెరికావాళ్లే. పాశ్చాత్య పారిశ్రామిక దేశాలన్నీ కలిపితే 96 శాతం. పేరున్న మూడు జర్నళ్లలో వచ్చిన వంద పరిశోధనలను మళ్లీ చేసి చూసిన బృందం 2015లో ఫలితాలు వెల్లడించింది. సుమారు 36 శాతంలోనే గణాంకాలకు నిలబడే ఫలితం తిరిగి వచ్చింది. ఎక్కువమంది ప్రస్తావించారు కాబట్టి అది నిజమనీ, మనకూ వర్తిస్తుందనీ అనుకోవడానికి లేదు.

మన గంజాం పక్కనే ఉన్న కంధమాల్‌కు వద్దాం. అక్కడి కోందు గిరిజనుల్లో కొన్ని ఊళ్లవాళ్లు తమ సొంత భాష కుయి, ఒడియా రెండూ మాట్లాడతారు. మరికొన్ని ఊళ్లలో కుయి పోయి ఒడియా ఒక్కటే మిగిలింది. సంస్కృతి ఒకటే, పేదరికమూ ఒకటే, తేడా భాషలోనే. ఈ అరుదైన పరిస్థితిని గమనించి రెండు రకాల పిల్లలనూ పోల్చి చూసిన మనిషి సైకాలజిస్టు అజిత్ మహంతి. రెండు భాషల పిల్లలే చాలా పరీక్షల్లో ముందున్నారు. భాష గురించి ఆలోచించే శక్తి వాళ్లలో ఎక్కువగా కనిపించింది. బడికి వెళ్లని పిల్లలతో చేసిన పరిశీలనలు కూడా ఇందులో ఉన్నాయి కాబట్టి, ఇదంతా బడి చదువు పుణ్యమేనని కొట్టిపారేయడానికీ లేదు. ఇంట్లో సొంత భాష మానేస్తే గానీ పిల్లాడికి చదువు రాదని తల్లిదండ్రులను భయపెట్టే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు చదవాల్సిన పని ఇది. మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ 1994లో దీన్ని పుస్తకంగా తెచ్చింది. జర్నల్ పేపర్లనే లెక్కించే జాబితాకు పుస్తకం ఆనదు.

ఒడిశా ప్రభుత్వం 2007లో పది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. అందులో సవర, కుయి ఉన్నాయి. ఆ ఆలోచనకు బలమిచ్చిన వాటిలో ఈ తరహా పరిశోధన ఒకటి. (సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి వందేళ్ల కిందటే పట్టుబట్టారు. ఏ జాబితాలోనూ ఆయనకు చోటు దొరకదు.)

ఇంకో చిక్కు, సైటేషన్ పేపర్ మీద ఉన్న చిరునామాకు జమ అవుతుంది. ఉత్కళ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఒడిశా వ్యక్తి జె.పి. దాస్ మేధాశక్తి మీద కట్టిన సిద్ధాంతం ప్రపంచమంతా తెలుసు. ఖ్యాతి మాత్రం కెనడాలోని అల్బెర్టాకు చేరింది.

మన ఇళ్ల సంగతి ఇంతకన్నా దగ్గరిది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. అలాంటి పిల్లాడు చదువులో వెనకబడితే ఐక్యూ పరీక్షకు తీసుకెళ్తారు. ఏ భాషలో అడిగారన్న దాన్ని బట్టి మార్కు మారిపోతుంది. రాని భాషలో అడిగి తెలివి తక్కువని రాసిచ్చిన కాగితం ఆ పిల్లాడిని ఏళ్ల తరబడి వెంటాడుతుంది. 1969లో నాగపూర్‌లో మాలిన్ భారతీయ పిల్లల కోసం మార్చి ఇచ్చిన ఐక్యూ పరీక్ష ఇంకా క్లినిక్కుల్లో నడుస్తోంది. ఇన్నేళ్లు వాడుకలో ఉండటం ప్రభావం కాకపోతే మరేమిటి? గత నాలుగైదేళ్ల పేపర్లు చూసే ర్యాంకుకు అది కనిపించదు.

బ్రిటన్ తన యూనివర్సిటీల పరిశోధనను మదింపు చేసేటప్పుడు సమాజం మీద పడిన ప్రభావానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం మార్కులు కేటాయించింది. అక్కడా ఆ నివేదికలను కథల్లా అల్లుతున్నారన్న విమర్శ లేకపోలేదు. అందుకే ఎన్ఐఆర్ఎఫ్ ఆ పద్ధతి తెస్తే, విభాగం తన గొప్ప తాను చెప్పుకోవడం కాకుండా, ఆ పని వాడుకున్న బడి, ఆసుపత్రి రాసిచ్చిన ఆధారం అడగాలి.

విద్యార్థులకు ఒక మాట. క్లినికల్ సైకాలజిస్టు కావాలనుకుంటే ర్యాంకు కంటే ముందు ఆ కోర్సుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉందో లేదో చూడండి. అది లేకపోతే పెద్ద పేరున్న యూనివర్సిటీ డిగ్రీ కూడా ఆ ఉద్యోగానికి అక్కరకు రాదు.

ఇక ఆంధ్ర, ఉత్కళ్ విశ్వవిద్యాలయాలు రెండింటిలోనూ సైకాలజీ విభాగాలున్నాయి. ఇచ్ఛాపురానికి అటూ ఇటూ ఉన్న తెలుగు-ఒడియా పిల్లల కోసం రెండు భాషల్లో అడగదగ్గ పరీక్షను, దాని ప్రమాణాలను అవి కలిసి తయారు చేయాలి. ఖర్చు రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ చెరిసగం భరించాలి. ఈ విద్యా సంవత్సరంలోనే పని మొదలుకావాలని కోరుతున్నాం.