మామిడికీ తీపికీ నడుమ కూర్చున్న ఈజ్ గారికి

ఇంగ్లీషు క్రియాపదం మహారాజశ్రీ ఈజ్ (is) గారికి,

తిరుపతి నుంచి ఒక పెద్దమనిషి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. ఈ ముక్క చెప్పడానికి మీ సాయం అక్కరలేకపోయింది, గమనించగలరు. ఉత్తరం రాయడానికి కారణమూ అదే.

మా ఊళ్ళో మీ పేరు మీద జరిగే వ్యాపారం మీ దాకా వచ్చిందో లేదో. స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే చోటికి వెళ్తే మొదటి రోజు మొదటి పాఠం మీదే. మా తమ్ముడి కూతురు అలాంటి ఒక చోట డబ్బు కట్టి చేరింది. మామిడిపండు తీపి అన్న సంగతిని ఇంగ్లీషులో చెప్పమన్నారట. పిల్ల పండు పేరు చెప్పింది, వెంటనే దాని గుణం చెప్పింది. "మధ్యలో ఈజ్ ఎక్కడమ్మా?" అని క్లాసంతా వినేలా గద్దించారట. పండు వచ్చింది, తీపి వచ్చింది, వినేవాడికి అర్థమూ అయింది. మీరు రానందుకు సున్నా.

చిత్తూరు జిల్లా మామిడికి మధ్యవర్తుల కరువు ఎన్నడూ లేదండీ. బంగారుపాళ్యం మార్కెట్ యార్డులో బండి ఆగగానే తూకంలో ఇంత తరుగు, అమ్మిపెట్టినందుకు ఇంత కమిషన్ అని లెక్క తీసేవాళ్ళు సిద్ధంగా ఉంటారు. వాళ్ళు కాయకూ ధరకూ మధ్య కూర్చుంటారు. కాయకూ తీపికీ మధ్య కూడా కూర్చోవచ్చని కనిపెట్టిన దళారి మాత్రం మీరొక్కరే. పోనీ మీరు వచ్చాక కాయ తీపి పెరుగుతుందా అంటే అదీ లేదు. గుజ్జు ఫ్యాక్టరీలో బ్రిక్స్ కొలిచే చిన్న పరికరం ఉంటుంది. రెండు చుక్కలు వేస్తే వంద గ్రాముల రసంలో కరిగిన చక్కెర దాదాపు ఎంతో చెబుతుంది. తమరు ఏమీ చెప్పరు. కూర్చుంటారు, అంతే.

మా సామెతలు ఎప్పుడైనా విన్నారా? పొరుగింటి పుల్లకూర రుచి. కొత్త ఒక వింత, పాత ఒక రోత. వీటిలో క్రియ ఎక్కడుందో టార్చిలైటు వేసి వెతకండి. దూరపు కొండలు నునుపు అన్నది మరీ ముఖ్యంగా మా ఊరి వాళ్ళ కోసమే పుట్టిందేమోనని నాకు అనుమానం. రైలు దిగి తలెత్తితే శేషాచలం కొండలు నున్నగా మెరుస్తుంటాయి. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లు ఎక్కితే ఆ నునుపు సంగతి మోకాళ్ళకు తెలుస్తుంది. ఈ సామెతను మీ వాళ్ళ చేతిలో పెడితే ముందు పంచాయితీ పెడతారు: కొండలు నున్నవా, నున్నగా కనిపిస్తున్నాయా? మొదటిదైతే తమరు, రెండోదైతే లుక్ గారు. మేము ఆ బాధ్యత దూరం మీద పెట్టి ఊరుకున్నాం. దూరపు అన్న మాటలోనే ఎగతాళి మొత్తం ఉంది.

అన్నట్టు లుక్ గారి పేరు వచ్చింది కాబట్టి మీ పరివారం గురించి కూడా చెప్పుకోవాలి. లుక్, సీమ్, సౌండ్, స్మెల్, టేస్ట్, ఫీల్. వస్తువు గుణం చెప్పాలంటే మీరు రాకపోతే వీళ్ళలో ఎవరో ఒకరు రావాల్సిందే. పైగా వీళ్ళలో చాలామంది రెండు ఉద్యోగాలు చేస్తారు. నేను మల్లెపువ్వును స్మెల్ చేస్తాను, మల్లెపువ్వు కూడా స్మెల్ చేస్తుంది. పువ్వుకు ముక్కు ఎక్కడిదని పిల్లలు అడిగితే ఏమని చెప్పను? వంటమనిషి పులుసు టేస్ట్ చేస్తాడు, పులుసు కూడా బాగా టేస్ట్ చేస్తుంది. ఎవరిని?

మా దగ్గర ఇలాంటి గందరగోళం తక్కువ. శ్రీవారి లడ్డు మామూలుది 175 గ్రాములు తూగుతుంది. కౌంటరులో మనిషి తూస్తాడు, లడ్డు తూగుతుంది. తూచేవాడు వేరు, తూగేది వేరు, మాటలూ వేరు. అలాగే మనిషి కాయ కోస్తాడు, కాయ తెగుతుంది. మనిషి పప్పు ఉడికిస్తాడు, పప్పు ఉడుకుతుంది. ఇంగ్లీషులో లడ్డు, దాన్ని తూచే మనిషి ఒకే క్రియను పంచుకుంటారు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన లడ్డుకు ఒక సొంత క్రియ ఇవ్వలేకపోయారా?

ఇక క్రియ చివర తగిలించే ఇంగ్ (-ing) సంగతి. సాంబారు బాగుందని చెప్పబోయి మా వాళ్ళు టేస్ట్‌కు ఇంగ్ తగిలిస్తే స్పోకెన్ ఇంగ్లీషు గురువులకు కోపం నషాళానికి ఎక్కుతుంది. గుణం నిలకడగా ఉండేది, జరిగే పని కాదు, కాబట్టి స్థితిని చెప్పే క్రియలకు ఇంగ్ తగదని సూత్రం. సూత్రం సరే. మాకు రుచి తగులుతుంది, వాసన వస్తుంది. లడ్డూలు చేసే వంటశాల, అదే పోటులో బూందీ వేగుతుంటే గాలి ఇటు మళ్ళినప్పుడు నేతి వాసన వస్తోంది అంటాం, అటు మళ్ళితే రావడం లేదు అంటాం. వాసన మాకు నడిచొచ్చే చుట్టం. దాన్ని ఇంగ్ లేకుండా నిలబెట్టి మాట్లాడమంటే నోరు ఒప్పుకోదు. అయినా ఆ సూత్రం అందరికీ వర్తిస్తుందా? 2003 నుంచి మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు "ఐయామ్ లవిన్ ఇట్" అని ప్రేమకు ఇంగ్ తగిలించి లోకమంతా బర్గర్లు అమ్ముతున్నారు. వాళ్ళు చేస్తే నినాదం, మా పిల్ల చేస్తే తప్పు.

మాకు అసలు క్రియే లేదని మీరు ఎదురు తిరిగే లోపల ఒక మాట. మా దగ్గర ఉండు అనే ఉద్యోగి ఉన్నాడు. పండు ఎర్రగా ఉంది అంటే ఇప్పటి రంగు. నిన్నటి సంగతికీ రేపటి సంగతికీ అతన్నే పిలుస్తాం. ఊరికే కుర్చీ వేసి కూర్చోబెట్టం. నేను మంచివాణ్ణి, నువ్వు మంచివాడివి, మనం మంచివాళ్ళం. చూశారా, ఎవరి గురించి మాట్లాడుతున్నామో ఆ మంచివాడి తోకే చెబుతుంది. అదే పనికి మీ ఇంట్లో ఆమ్, ఆర్, ఈజ్ అని ముగ్గురు, వాళ్ళ వెనక మరో అయిదుగురు, మొత్తం ఎనిమిది రూపాలు.

కాదనే దగ్గర మాత్రం మేము ఖర్చుకు వెనకాడం. ఇద్దరిని పెట్టుకున్నాం: కాదు, లేదు. ఆస్పత్రి గడపలో నిలబడి "డాక్టరు గారు లేరు" అని వింటే రేపు వస్తాం. "ఆయన డాక్టరు కాదు" అని వింటే పోలీసు స్టేషనుకు వెళ్తాం. మీ పక్కన నాట్ చేరితే రెండు కబుర్లకూ అదే ముఖం. తక్కినదంతా రోగి ఊహించుకోవాలి.

మీ వంశం గురించి కూడా కాస్త విచారించాను. ఎనిమిది రూపాలూ ఒక తల్లి బిడ్డలు కారట. ఆమ్, ఈజ్ ఒక ధాతువు నుంచి, బి, బీన్ మరో ధాతువు నుంచి, వాజ్, వర్ మూడో ధాతువు నుంచి వచ్చి ఒకే కప్పు కింద కాపురం పెట్టాయి. మొదటిదానికి సంస్కృతంలో అస్తి, రెండోదానికి భవతి, మూడోదానికి నివసించడాన్ని చెప్పే వసతి దాయాదులు. అంటే మీ పెద్దనాన్నలు మా ఊళ్ళోనే, 1961లో విద్యాపీఠంగా మొదలై 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైన చోట, రోజూ పాఠంలో వినిపిస్తున్నారు. వాళ్ళను చూసైనా నేర్చుకోండి. వసుధైవ కుటుంబకం అన్న దగ్గర అస్తి గారు పక్కకు తప్పుకొని కూర్చున్నారు, ఎవరూ మార్కులు తగ్గించలేదు. తెలుగు మాత్రం మీ దాయాది కాదు. సంస్కృతం నుంచి పుట్టలేదని కలెక్టరు ఎల్లిస్ దొర మద్రాసులో 1816లోనే చూపించాడు. కాబట్టి మా ఇంట్లో మీకు వాటా అడిగే హక్కు కూడా లేదు. చిత్తూరు మామిడి గుజ్జు సౌదీకి వెళ్తుంది. అక్కడి అరబ్బీలోనూ వర్తమాన కాలంలో మీలాంటి వాడు అక్కరలేదు. రష్యన్లో కూడా అంతే. గుజ్జు దారి పొడవునా తీపిగానే వెళ్తోంది.

మీ సొంత ఇంట్లో మీకున్న పరువు ఎంతటిదో చూద్దాం. 1965లో డేవిడ్ బోర్లాండ్ అనే అమెరికా ఆయన మిమ్మల్నీ మీ ఏడుగురు తోబుట్టువులనూ బొత్తిగా తీసేసి ఇంగ్లీషు రాయవచ్చని ప్రతిపాదించాడు. ఈ-ప్రైమ్ అని దానికి పేరు కూడా పెట్టాడు. 1998 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ గ్రాండ్ జ్యూరీ ముందు ప్రమాణం చేసి, అది ఈజ్ అనే మాటకు అర్థం ఏమిటన్న దాని మీద ఆధారపడి ఉంటుందని సెలవిచ్చాడు. అంతటి దేశాధ్యక్షుడికి తేలని అర్థం మా తమ్ముడి కూతురు మొదటి క్లాసులోనే పట్టుకోవాలా?

ఇంతకీ నా అసలు కోపం మీరు ఉన్నందుకు కాదు. మీ పరివారంలో పనికొచ్చేవాళ్ళను పక్కన పెట్టి మా వాళ్ళు మిమ్మల్నే తెచ్చుకున్నందుకు. సీమ్, లుక్ కాస్త జాగ్రత్తపరులు. కనిపించింది, అనిపించింది అని చెప్పి ఆగుతారు. అలిపిరి దారిలో ప్రకటన బోర్డులు చదువుకుంటూ నడవండి. ఏ కోచింగ్ కేంద్రమూ తాను మంచిదిగా కనిపిస్తున్నానని రాసుకోదు. రాష్ట్రంలో నంబర్ వన్ అని చాటడానికీ మీరే, అన్ని ర్యాంకులూ మావే అనడానికీ మీరే. ఇంగ్లీషులో గుణం చెప్పడానికి అన్ని మెట్లు ఉంటే మేము ఎక్కింది పై మెట్టు ఒక్కటే.

మా దగ్గర రెండక్షరాల ముక్క ఉంది. అట. మామిడి తీపి అంటాడు అమ్మేవాడు. తీపట అంటాడు కొనేవాడు. అంతే, పూచీ చేతులు మారిపోయింది. తాను తిని చెబుతున్నాడో విని చెబుతున్నాడో తేలిపోయింది. దాన్ని మీ భాషలోకి మార్చాలంటే ఎవరో చెప్పగా విన్నట్టు మరో వాక్యం కట్టాలి, అందులోనూ మీరు దూరతారు. 2025 సీజన్లో తోతాపురి మామిడికి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటన వచ్చింది. మీ లెక్కలో ధర ఈజ్ 12. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు మీద రాత్రి గడిపిన రైతు లెక్కలో, పన్నెండట.

కనుక తమరికి చేసుకునే మనవి ఏమంటే: రేణిగుంట విమానాశ్రయం లోపల, వీసా కిటికీ ముందు, బ్యాంకు దరఖాస్తులో మీ అధికారం ఒప్పుకుంటాం. మా తమ్ముడి కూతురు అక్కడ మీకు నమస్కారం పెట్టే వెళ్తుంది. ఇంటికి వచ్చి పళ్ళెం ముందు కూర్చున్నాక మాత్రం పప్పు కమ్మన, చారు ఘాటు, మామిడిపండు తీపి. ఆ పళ్ళెం దరిదాపుల్లో కనిపించారో, తరుగు కింద తీసేస్తాం.

ఇట్లు,
తిరుపతి వాసి

తా.క.: జవాబు రాయదలిస్తే తెలుగులో రాయించండి. ఇంగ్లీషులో రాస్తే మొదటి వాక్యంలోనే మీరు తగులుతారు. సొంత కేసులో సొంత సాక్ష్యం చెల్లదు.