సీలు పడ్డాక మన సరుకుకు కాపలా ఎవరు?

2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో దాదాపు 3 టన్నుల హెరాయిన్ పట్టుబడింది. అఫ్గానిస్తాన్‌లో బయలుదేరి ఇరాన్ మీదుగా వచ్చిన ఆ సరుకును కాగితాల్లో టాల్క్ రాళ్లుగా చూపారు. తెప్పించుకున్న సంస్థ చిరునామా విజయవాడ. ఉమ్మడి కడప జిల్లా మంగంపేట నుంచి ముగ్గురాయిని విదేశాలకు పంపేవారు ఈ కేసును తమకు సంబంధం లేనిదని వదిలేయకూడదు. బరువుగా, చవకగా ఉండి, మొత్తం దింపి చూడటం కష్టమయ్యే సరుకంటే దొంగరవాణాదారులకు మక్కువ.

అంతకంటే ఎక్కువగా అనంతపురం అరటి గురించి నాకు భయం. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి శీతల కంటైనర్లలో అరటి రైలెక్కి ముంబయి రేవుకు వెళ్లింది. అదే అరటి పెట్టెలు దక్షిణ అమెరికా నుంచి ఐరోపాకు వెళ్లే కొకైన్‌కు పాత ముసుగు. 13 డిగ్రీల చలిలో ఉంచాల్సిన పండును రేవులో రోజుల తరబడి ఆపలేరు కాబట్టి తనిఖీ త్వరగా ముగుస్తుంది. ముఠా మనుషులు దారిలోనో రేవులోనో సీలు తెంచి, సంచులు పెట్టి, అదే నంబరుతో నకిలీ సీలు వేస్తారు. పంట పండించిన రైతుకు గానీ, పంపిన వ్యాపారికి గానీ ఆ సంగతే తెలియదు.

దీన్ని అడ్డుకోవడానికి పథకాలు లేకపోలేదు. అమెరికా 2001లో సరుకు భద్రత కోసం వ్యాపారులతో కలిసి నడిపే సీటీపాట్ పథకం తెచ్చింది, ప్రపంచ కస్టమ్స్ సంస్థ 2005లో సేఫ్ అనే సరుకు భద్రతా ప్రమాణాలు ప్రకటించింది, మన దేశంలో 2011లో నమ్మకమైన వ్యాపారులకు గుర్తింపునిచ్చే ఏఈవో పథకం మొదలైంది. గోదాము, సిబ్బంది, రవాణాల భద్రతకు పూచీపడే వ్యాపారికి కస్టమ్స్ తనిఖీలు తగ్గిస్తుంది. ఆలోచన మంచిదే. అయితే ఆ గుర్తింపు ఎగుమతి సంస్థకు దక్కుతుంది, సరుకు మాత్రం 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒకే లారీ ఉన్న యజమాని చేతిలో ఉంటుంది. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఇచ్చిన తిరుగు లోడులో ఏముందో అతనికి చెప్పేవారే ఉండరు. అందులో మత్తుపదార్థం దొరికితే, మాదకద్రవ్యాల నిరోధానికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 60వ సెక్షన్ ప్రకారం లారీ జప్తు కాకుండా ఉండాలంటే, తనకు తెలియదనీ తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాననీ అతనే నిరూపించుకోవాలి. ఆ జాగ్రత్తలు ఏమిటో అతనికి తెలుగులో ఎవరు చెప్పారు? ఇది అన్యాయం.

ఎర్రచందనం విషయంలోనూ ఇదే జరిగింది. కడప అడవుల దుంగలు వేరే సరుకు పేరుతో కంటైనర్లెక్కి రేవులు దాటుతుంటే, మన బలగమంతా కొండల్లో కూలీల వెంట పరుగెత్తింది.

కస్టమ్స్ అధికారులు తాడిపత్రికి, కర్నూలుకు రావాలి. పండ్లు సర్దే ప్యాక్‌హౌస్‌లో కంటైనరు తలుపు మూసిన క్షణంలోనే సీలు ఫోటో, నంబరు నమోదై, రేవు గేటు దగ్గర మళ్లీ సరిపోల్చాలి. లారీ ఎక్కడ ఎంతసేపు ఆగిందో తెలిపే జీపీఎస్ ఖర్చును ఎగుమతిదారు భరించాలి. ఆ నమోదు నకలు ఒకటి డ్రైవరు చేతికీ ఇవ్వాలి. రేపు కేసు నమోదైతే కోర్టులో అతను చూపగలిగే ఆధారం అదొక్కటే.